పెద్దాయన వచ్చి పోయినాడు

నంద్యాల,
సోమవారం

నాయనకు,

మన ప్రభువు నామంలో లూదియా వందనాలు. అన్నం తినకుండా ఈ ఉత్తరం చదవొద్దు. తిని, చెయ్యి కడుక్కొని, కళ్ళద్దాలు పెట్టుకొని చదువు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "తిన్నావా, సరే" అని పెట్టేస్తావు, నా మాట సగం నోట్లోనే ఉండిపోతుంది. కాగితమైతే అట్లా మధ్యలో పెట్టేయలేవు.

శని, ఆదివారాలు బండి ఆత్మకూరులో యవ్వనస్థుల కూడికకు పోతున్నానని నీకు చెప్పాను. అది అబద్ధం. నేను పోయింది నల్లమల అడవికి. హాస్టల్లో నా గదిలో ఉండే బ్లెస్సీ, నేను, ఇంకో తొమ్మిది మంది. ఇక్కడ నడక జట్టు ఒకటి ఉంది. ఫారెస్టు వాళ్ళ అనుమతి తీసుకొని, ఒక దారిన లోపలికి తీసుకుపోయి, ఒక పూట పడుకోబెట్టి, ఇంకో దారిన చుట్టి వెనక్కి తెస్తారు. నాకు పదేళ్ళప్పుడు బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఆ అడవిలో అడుగు పెట్టనని నాతో ప్రమాణం చేయించావు. యెషయా చిన్నాయనను ఎలుగుబంటి చంపింది అక్కడే. అది మరిచిపోయి పోలేదు నాయనా, గుర్తుండే పోయాను.

ఎందుకో కూడా చెబుతాను. నేను టీచరు ఉద్యోగానికి డీఎస్సీ కోచింగు తీసుకుంటున్నానని ఊరంతా చెప్పుకుంటున్నావు. ఆ పుస్తకాలు ముట్టుకొని నాలుగు నెలలైంది. ఫారెస్టు బీట్ ఆఫీసర్ పరీక్ష రాశాను, పాసయ్యాను. ఇక నడక పరీక్ష ఒక్కటే మిగిలింది. ఆడపిల్లలం నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. వచ్చే నెల పన్నెండున. కాళ్ళ గురించి నాకు దిగులు లేదు. నువ్వు చిన్నప్పటి నుంచి నాలో పెట్టిన భయం ఉంది చూడు, దాని గురించే దిగులు. తీరా ఉద్యోగం వచ్చాక అడవిలోకి పోలేక నిలబడిపోతే నలుగురూ నవ్వరా? అందుకని ముందే పోయి చూసుకున్నాను.

రుద్రవరం దాటాక చెక్‌పోస్టు దగ్గర దిగాం. వీపున తొమ్మిది కిలోల సంచి. బియ్యం, నీళ్ళు, దుప్పటి, అమ్మ పంపిన చెనిక్కాయల పొడి. మొదటి గంట అందరి సెల్‌ఫోన్లలో పాటలే. మాతో వచ్చిన వాచరు బాలస్వామి అవి కట్టేయించాడు. పాటలు వినేదానికి ఇంత దూరం ఎందుకు వచ్చినారని అడిగాడు. ఆ తర్వాత ఇక చప్పుడే లేదు. మన ఊళ్ళో పొద్దున లేస్తే ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, ట్రాక్టరో, బోరో, మైకో. అక్కడ గాలికి వెదుళ్ళు ఒకదానికొకటి రాసుకోవడం, మా కాళ్ళ కింద టేకాకులు, అంతే. నాకు ఆ నిశ్శబ్దం చాలా బాగుంది. నిజంగా బాగుంది.

మధ్యాహ్నం ఒకచోట ఎలుగుబంటి తవ్విపోసిన చెదలపుట్ట చూపించాడు బాలస్వామి. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. నా కాళ్ళు వణికాయి. చిన్నాయనను నేను ఫోటోలోనే కదా చూసింది, ఆయన ముఖం గుర్తుకు రాలేదు. నీ ముఖమే గుర్తొచ్చింది. బ్లెస్సీ చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను. వణుకుతూనే నడిచాను. పది అడుగులు వేశాక తగ్గింది.

సాయంత్రం వంక దాటుతూ జారిపడ్డాను, బూట్లు నిండా నీళ్ళు. వాచర్ల గుడిసె దగ్గరికి చేరి, వాటిని బయట బండ మీద విడిచి, తిన్న వెంటనే పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే బూట్లు పొయ్యి పక్కన ఉన్నాయి, లోపల ఎండుగడ్డి కుక్కి. బాగా ఆరిపోయాయి. బాలస్వామికి థాంక్స్ చెబితే, తనదేమీ లేదన్నాడు. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ మెల్లగా ఇట్లా అన్నాడు.

"తెల్లారగట్ల పెద్దాయన వచ్చినాడమ్మా. నిన్ను చూసి పోయినాడు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. మన ఊళ్ళో నిన్ను పెద్దాయన అనని వాళ్ళు ఎవరు? కోపంగా ఉన్నాడా అని అడిగాను. బాలస్వామి నా ముఖం చూసి తల గోక్కున్నాడు.

"ఏందమ్మా అట్ల చూస్తాండావ్? పులిని ఈడ పేరు పెట్టి పిలవం. పెద్దాయన అంటాం, అంతే."

గుడిసె ముందుకు పులి వచ్చి పోయిందంటే నాకు హమ్మయ్య అనిపించింది నాయనా. పులి అని తెలిసి ఊపిరి పీల్చుకున్న మనిషిని ఇప్పుడే చూశానని బ్లెస్సీ ఇంకా నవ్వుతోంది. తిరిగొచ్చే దారంతా నాకు మాత్రం సిగ్గేసింది. పులికన్నా కన్నతండ్రికి ఎక్కువ భయపడుతున్నానంటే, నేను చెప్పిన అబద్ధాలు ఎన్ని అని. అందుకే ఇదంతా రాశాను. పన్నెండున నడుస్తాను. నువ్వు వద్దన్నా నడుస్తాను. నువ్వు వద్దనకుంటే ఇంకా బాగా నడుస్తాను.

నీ కూతురు,
లూదియా

*

మన ఊరు,
శుక్రవారం

అమ్మా లూదియాకు,

నాయన దీవెనలు. నువ్వు చెప్పినట్లే తిని చదివాను. తిన్నది ఒంటబట్టలేదు.

శనివారం పొద్దున్నే పాస్టరు గారు వచ్చి, కూడిక వచ్చే వారానికి వాయిదా పడిందని చెప్పిపోయారు. నీకు ఫోన్ చేస్తే కలవలేదు. హాస్టలు మేడంకు చేస్తే అడవికి పోయిందని చెప్పింది. కాబట్టి నువ్వు రాసిన దాంట్లో సగం నాకు ముందే తెలుసు. ఉద్యోగం సంగతి తెలియదు. నిన్ను నాలుగు తిట్టాలనే కాగితం తీసుకున్నాను. తీసుకున్నాక నా అబద్ధం గుర్తొచ్చింది.

యెషయాను అడవి పొట్టన పెట్టుకుందని నీకు చెబుతూ వచ్చాను. ఆ రోజు వెదురుకు పోదాం రమ్మని వాణ్ణి లేపింది నేను. వాడు ఒళ్ళు వెచ్చగా ఉంది, రానన్నాడు. "లెయ్‌రా సోంబేరి" అన్నాను. దారిలో మళ్ళీ మాట్లాడుకోలేదు. ఎలుగు వాని మీదికి వచ్చినప్పుడు నేను చెట్టెక్కినాను. నా చేతిలో కొడవలి ఉంది, అయినా ఎక్కినాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు. అడవిని తిట్టుకుంటూ ఉంటే నన్ను నేను తిట్టుకునే పని ఉండదు. అట్లా ఇరవై రెండేళ్ళు ఆ దిక్కు పోకుండా గడిపాను. నీతో ప్రమాణం చేయించింది నీ మంచికని ఊళ్ళో అందరూ అనుకున్నారు. నా పిరికితనం దాచుకోవడానికి చేయించాను.

వణుకుతూనే పది అడుగులు వేశానని రాశావే, ఆ మాట దగ్గర కళ్ళద్దాలు తీసేశాను. మీ అమ్మ ఏమైందని అడిగితే, దుమ్ము పడిందన్నాను.

ఆ ప్రమాణం ఇక లేదు. నేను పెట్టించాను, నేనే తీసేస్తున్నాను. దేవునికి నేను చెప్పుకుంటాను. డీఎస్సీ పుస్తకాలు అవసరమున్న పిల్లకు ఎవరికైనా ఇచ్చెయ్. పన్నెండున నేను వస్తాను, నడక ఆగే చోట నిలబడి ఉంటాను. రెండు జతల మేజోళ్ళు వేసుకో. మడమలు రెండూ పొక్కిపోయి, దుప్పటి బయట పెట్టుకొని పడుకుంటివి.

బాలస్వామి నోరు పాతకాలం నుంచీ అంతే, ఒక మాట ఆగదు. చెప్పొద్దురా అంటే సగం చెప్పి, మిగతా సగం పులి మీద వేసినాడు. మీరు అంతా చుట్టుకొని పోయి పడుకున్న గుడిసె మన చేని గట్టుకు నాలుగు మైళ్ళే. రెండు రోజుల నడకంటే, నీళ్ళున్నది అక్కడే, పడుకునేది అక్కడే. నాకు తెలియని దారి కాదు. కోపంగా ఉన్నాడా అని అడిగానని రాశావు. దారంతా కోపమే, చెట్టుచెట్టుకూ వణుకే. గుడిసె ముందు బండ మీద నీ బూట్లు చూసేదాకా.

పులి వస్తే రానీ, పోతే పోనీ. తడిసిన బూట్లలో గడ్డి కుక్కి పొయ్యి దగ్గర ఆరబెట్టి పోతుందా, పిచ్చిదానా?

నీ నాయన,
అబ్రహాము