పద్మ ఎంచుకున్న హాస్టలు

ఏటే సరస్వతీ, పైకెల్లిపోయాక అక్కడి దేవుళ్లని కూడా “ష్, మా ఆయన పడుకున్నారు” అని కసురుతన్నావేటి?

మన పద్మకి రాయపూర్ యూనివర్సిటీలో సీటొచ్చింది. నేనూ అదీ ఎల్లి రెండు హాస్టళ్లు చూసాం. ఒకటి చెట్ల మధ్యన, చప్పుడే లేదు. రెండోది రోడ్డు మీద, గదిగదికీ రేడియో, ఆడపిల్లల కేకలు.

“మొదటిదైతే బాగా సదూకుంటావే” అన్నాను.

“నాకొద్దు నాన్నా. నువ్వు నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే, అమ్మ నన్ను దగ్గనైనా ఇచ్చేదేటి? ఇక్కడైతే గట్టిగా నవ్వుకోవచ్చు” అంది.

నా నిద్రకి నువ్వు కాసిన పోలీసు డ్యూటీకి కూతురిచ్చిన మెడల్ చూసావా! రెండోదాన్లోనే దింపేసి భిలాయిలో మనింటికి వచ్చేసాను.

ఈరోజు పొద్దున్న నైట్ షిఫ్టు దిగొచ్చి పడుకున్నాను. క్వార్టరంతా నిశ్శబ్దం. నిద్ర పట్టలేదే. లేచి వంటింట్లోకెల్లి, నీ ఇత్తడి గిన్నె కావాలనే కింద పడేసాను. అది దొర్లి దొర్లి ఆగింది.

ఎవరూ కసరలేదు.