మిగిలింది ఎవరు తినాలి?

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. షుగరుతో పోయిన నీ పేరిట బావ ఇవాళ ఇస్తరాకు నిండా పూర్ణం బక్షాలు పెట్టి, పిట్ట వాలేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బతికుండగా నీకు వేడి బక్షం ఒక్కటైనా దక్కిందా? పిల్లల పళ్లాల్లో మిగిలిన ముక్కలే కదా నీ వంతు!

నాకూ షుగరే అన్నారు బాన్సువాడ దవాఖానలో. నడిచి నడిచి ఒళ్లు తగ్గించుకున్నాను. వానాకాలంలో కాలువగట్టు మీద జారి కాలు విరిగింది. రెండు నెలలు మంచంలో ఉన్నా బరువు పెరగలేదు. కట్టు విప్పి వంటింట్లోకి వచ్చిన పదిహేను రోజులకే జాకెట్లు బిగుసుకున్నాయి. మంచంలో ఉన్నన్నాళ్లు నా పళ్లెంలో అన్నమే తిన్నాను. వంటింట్లోకి వచ్చాక ఇంటిల్లిపాదీ వదిలిందీ తిన్నాను. వాళ్లు వదిలేస్తే అలవాటట, మనం పారేస్తే పాపమట! అప్పటినుంచి మా ఇంట్లో మిగిలింది బర్రె కుడితిలోకే పోతోంది. జాకెట్లు మళ్లీ వదులయ్యాయి.

భోజనాలయ్యాక బావ నాలుగు బక్షాలు నా ముందు పెట్టాడు.

"తిను మరదలా, మిగిలినయ్. పుల్ల లెక్క అయినవ్."

"షుగరు బావా."

"ఏం షుగరు! మీ అక్క ఒక్క ముక్కన్న పారేస్తుండెనా? అన్నీ తనే తింటుండె."

"గందుకే అక్క లేదు."

వాటిని తీసుకెళ్లి కుడితి గోలెంలో వేశాను. పక్కనే పళ్లాలు కడుగుతున్న నీ కోడలు నన్ను చూసి నవ్వింది. పిల్లలు వదిలిన ముక్కను నోట్లో వేసుకుంటూ, "పారేస్తే పాపం గదా చిన్నత్తమ్మా" అంది.