చైనాటౌన్ చౌక్‌లో కాకి

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఇక్కడ కెనడాలో, కాల్గరీ చైనాటౌన్‌లోని పాత చౌక్‌లో కాకులు వాలతాయని తెలిసి, నీ పేరున అన్నం ముద్ద తీసుకెళ్లాను. రైలుదారి వేసిన చైనా కూలీల స్మారకం ముందు ఒక ముసలావిడ తన వాళ్లకి నారింజలు పెడుతోంది. కాస్త జరిగి నాకూ చోటిచ్చింది.

గంట గడిచినా కాకి ముద్ద ముట్టలేదు.

"అంకుల్‌కి ఏదో కోరిక మిగిలిపోయిందే. తీరుస్తానని మాటివ్వు, ముడుతుంది," అంది నాతో వచ్చిన రూమ్మేట్ శ్రావణి. "తొందరగా ఇవ్వు, నాకు షిఫ్ట్ ఉంది."

నీ కోరిక నాకు తెలుసు. మన ఇంట్లో మొదట చదువుకున్న నేను ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడాలని. వర్క్ పర్మిట్ ఇవ్వబోమని నిన్ననే మెయిల్ వచ్చింది. వచ్చే నెల తిరిగి వచ్చేస్తున్నాను.

నీకు అబద్ధం చెప్పలేక, మాటివ్వకుండానే ముద్దని కాకికి ఇంకాస్త దగ్గరగా జరిపాను.