సంతృప్తికరమైన పైకప్పు

ప్రియమైన తమ్ముడికి,

మేమంతా క్షేమం. ఈ మాటను మీ గృహనిర్మాణ శాఖ వాడే అర్థంలోనే వాడుతున్నాను: కాదని ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు.

మా వరుస ఇళ్ల సంగతి నీకు తెలిసిందే. అందరి నెత్తి మీదా ఒకటే స్లాబు, కట్టింది మీ శాఖే, కట్టిన నాటినుంచీ కారుతూనే ఉంది. కాలనీ నిధితో దాన్ని బాగుచేయించమని నివాసుల సంఘం తరఫున నేను పెట్టిన అర్జీలకు జవాబులు వచ్చేది నీ సెక్షన్ నుంచే కనుక ఆ చరిత్ర మళ్లీ చెప్పను. "తగు చర్య పరిశీలనలో ఉన్నది" అన్న వాక్యం నీదేనని సంతకం చూడకుండానే పోల్చుకున్నాను. చిన్నప్పుడు స్నానం చేశావా అని అమ్మ అడిగితే నువ్వు ఇదే ధోరణిలో జవాబు చెప్పేవాడివి.

ఇక విశేషం. కొత్త విధానం ప్రకారం ముందుగా వరుసకొక ఇంటిని నమూనాగా బాగుచేస్తారట. పర్యవేక్షక సంఘం వచ్చి చూసి తృప్తి పడితే మిగతా ఇళ్లకూ నిధి విడుదల చేస్తారట. చీటీలు వేశారు. మా ఇల్లు వచ్చింది. నా జీవితంలో చీటీ తగలడం ఇదే మొదలు.

బాగుచేయడం అంటే స్లాబు జోలికి పోయారనుకునేవు. మా ఇంటి మేరకు పైన నీలిరంగు టార్పాలిన్ పరిచి, అంచుల మీద ఇటుకలు పేర్చి, లోపల గోడలకు వెల్ల వేసి వెళ్లారు. మా ఇల్లు పొడిగా ఉంది. టార్పాలిన్ మీద పడ్డ వానంతా వాలుగా జారి పక్కింటి మీదికి పోతోంది. పక్కిల్లు దర్జీ వదినది. ఇదివరకు ఆమెకు తన వాటా వానే కారేది, ఇప్పుడు మా వాటా కూడా కారుతోంది. నాకు ముఖం చెల్లక నిలబడితే, "పోనీలే వదినా, ఇరుగూపొరుగూ అన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయిగా" అంది.

వాళ్ల మామగారికి ఉబ్బసం. సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపుతూ ఆయుష్షంతా గడిపిన మనిషి. తడిగోడ పక్కన ఊపిరి ఆడటం లేదంటే మంచంతో సహా మా ముందుగదిలోకి తెచ్చుకున్నాం. "నేల టికెట్టువాణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టావమ్మా" అన్నాడు. ఇప్పుడు ఈల వేసినట్టు ఊపిరి తీయడం తగ్గింది. మీ బావ మాత్రం, నమూనా ఇంట్లో గట్టిగా తుమ్మవచ్చా లేదా అన్నది నిన్ను అడిగి రాయమన్నాడు.

నేను అడిగేది ఒక్కటే. మా ఇల్లు బాగుందని వాళ్లు రాసుకుంటే మిగతా ఇళ్లు నిజంగా బాగుపడతాయా?

ఆశీస్సులతో,
నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందినది, విషయములు గమనింపబడినవి. (క్షమించు. చేతికి అలవాటైపోయింది.)

మీ ఇల్లు ఎంపిక కావడం సంతోషం. బావగారు తుమ్మవచ్చు. తనిఖీ సమయంలో మాత్రం మానుకుంటే మేలు.

పర్యవేక్షక సంఘం త్వరలోనే వస్తుంది. దాని అధ్యక్షులవారు చాలా నిశితమైన మనిషి. కిందటిసారి ఒక కాలనీలో నమూనా ఇంటి గుమ్మం ముందు చెప్పులు వంకరగా ఉన్నాయని నివేదికలో రెండు పేరాలు రాశారు. అందువల్ల ఒక మనవి. కేటాయింపు పత్రంలో పేరు లేని వ్యక్తి, అందులోనూ రోగి, నమూనా ఇంట్లో కనిపించరాదు. ఇల్లు ఆరోగ్యకరమని మేం ధ్రువీకరించాక అందులో దగ్గు వినిపిస్తే పరస్పర విరుద్ధంగా ఉంటుంది. పెద్దాయన్ని రెండు రోజులపాటు ఆయన ఇంటికి పంపించు. తనిఖీ కాగానే మళ్లీ తెచ్చుకోవచ్చు.

నువ్వు అడిగిన ప్రశ్న విధానపరమైనది. దానిపై నా స్థాయిలో అభిప్రాయం చెప్పడం సముచితం కాదు. మొత్తానికి "సంతృప్తికరం" అన్న మాట రావడం అందరికీ మంచిది.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ సూచనలు అక్షరాలా అమలయ్యాయి.

వరుసలోని ఆడవాళ్లంతా వచ్చి మా ఇల్లు కడిగారు. సొంత ఇళ్లలో గిన్నెలు పెట్టి చుక్కలు పట్టుకుంటున్నవాళ్లు మా కిటికీ చువ్వలు ఒక్కొక్కటే తుడిచారు. మంచి కుర్చీలు ఒకరు, పరదాలు ఒకరు, నిలువుటద్దం ఒకరు పట్టుకొచ్చారు. మా ఇల్లు నెగ్గితే తమ ఇళ్లు గట్టెక్కుతాయని వాళ్ల నమ్మకం. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో సెలవు అడిగితే, "తనిఖీ చేసేవాళ్లను ముందు మన దగ్గరికి పంపమ్మా, నంబరు చూసి ఇద్దాం" అన్నాడు యజమాని.

పెద్దాయన్ని మంచంతో సహా మోసుకెళ్లాం. "ఇంటర్వెల్లా?" అన్నాడు.

"రెండు రోజులేనండీ, పెద్ద అధికారులు వస్తున్నారు."

"రానీయమ్మా. నేను లేస్తేనే గదా వాళ్లకు సీటు."

చెప్పిన రోజున పర్యవేక్షక సంఘం రాలేదు. వర్షం కారణంగా పైకప్పుల తనిఖీ వాయిదా పడిందని కబురు వచ్చింది. ఆ వాక్యాన్ని మీ బావ రెండుసార్లు చదివించుకుని బయటికి పోయాడు. తర్వాత చెప్పిన రోజునా వర్షమే. మళ్లీ వాయిదా. ఈ రెండింటి మధ్య పెద్దాయన్ని తెచ్చుకుందామంటే, ఏ క్షణంలోనైనా రావచ్చు కనుక ఇల్లు సిద్ధంగా ఉంచాలని మీ స్థానిక కార్యాలయం వాళ్లు చెప్పారు.

మా ముందుగది ఖాళీగా, పొడిగా ఉంది. మేం వంటగదిలో పడుకుంటున్నాం. గోడ అవతల ఆయన దగ్గు వినపడుతోంది. గోడ పలచన, అది కూడా మీ శాఖ కట్టిందే.

నీ స్థాయి ఏమిటో నాకు తెలుసు, ఎత్తుకు తిప్పాను కనుక. ఔనో కాదో ఒక్క మాట రాయి. మా ఇల్లు బాగుందంటే వాళ్ల ఇళ్లు బాగుపడతాయా?

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

బాగుపడవు.

నిబంధన ఇలా ఉంది. నమూనా ఇల్లు సంతృప్తికరమని తేలితే పథకం లక్ష్యం నెరవేరినట్టు భావిస్తారు. లక్ష్యం నెరవేరిన పథకానికి ఇంకా ఖర్చు పెట్టడం దుబారా అవుతుంది. కాలనీ నిధిలో మిగిలినది ప్రధాన కార్యాలయానికి తిరిగి వస్తుంది. దానితో మా సమావేశ మందిరానికి కొత్త పైకప్పు వేయాలన్న ప్రతిపాదన ఉంది. ఆ మందిరం కారడం లేదు. కారవచ్చునని అంచనా.

సంతృప్తికరం కాదని తేలితే ఆ లోపం సరిచేయడానికి నిధి విడుదల చేయవలసి వస్తుంది. ఇంతవరకు ఏ వరుసలోనూ అలా తేలలేదు. ప్రతిచోటా జనం ఇల్లు కడిగి పెడుతున్నారు.

మొదటే ఎందుకు రాయలేదని నువ్వు అడుగుతావు. ఏం జరిగినా నీ ఇల్లు పొడిగా ఉంటుంది కదా అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే అలవాటు ఈ సీటులో పోయింది.

తనిఖీ తేదీ ఈసారి ఖాయం. వాతావరణ సూచన కూడా అనుకూలంగా ఉంది. అంతవరకు ఇల్లు అలాగే ఉంచు.

నీ తమ్ముడు

*

ప్రియమైన అక్కకు,

జ్ఞాపిక. నా కిందటి ఉత్తరానికి జవాబు అందలేదు. ఫోను బావగారు ఎత్తి "ఇంట్లో పని మీద ఉంది" అని పెట్టేస్తున్నారు. తనిఖీ జరిగిందని, నివేదిక రాయడానికి కాగితాలు నా బల్ల మీదికి వస్తున్నాయని తెలిసింది. అక్కడ ఏం జరిగిందో ముందుగా నీ నోట వినాలని ఉంది.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఆలస్యానికి కారణాలు పొందుపరుస్తున్నాను.

పెద్దాయన పోయాడు. "బాగుపడవు" అన్న నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివి, ఆయన మంచం వెనక్కి తెచ్చేద్దామని మీ బావను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లాను. దర్జీ వదిన మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు. "ఇప్పుడే వదినా" అంది. మంచం తెచ్చే పని లేకపోయింది. అదే మాట నువ్వు మొదటి ఉత్తరంలో రాసి ఉంటే ఆయన్ని కదిపేవాళ్లం కాదు. ఇది ఫిర్యాదు కాదు, తేదీల వరుస మాత్రమే.

చేయవలసినవి చేసి వచ్చిన మర్నాడు మీ బావ నిచ్చెన పట్టుకున్నాడు, నేను పైకి ఎక్కాను. ఇటుకలు పక్కకు తీసి టార్పాలిన్ కిందికి దించాం. ఆ వారమంతా కురిసింది. నమూనా ఇల్లు వరుసలో మిగతా ఇళ్లతో సమానంగా కారింది. దర్జీ వదిన ఇంట్లో మాత్రం కొంచెం తగ్గింది.

పర్యవేక్షక సంఘం ఎండకాసిన రోజు చూసుకుని వచ్చింది. ఈ స్లాబు వాన వెలిసినా రెండు మూడు రోజులు కారుతుందని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. అధ్యక్షులవారు మంచి కుర్చీలో కూర్చున్నారు. నెత్తి మీద ఒక చుక్క పడింది. పైకి చూశారు. రెండోది కళ్లద్దాల మీద పడింది.

"ఇది నమూనా ఇల్లేనా?"

"అవునండీ."

"కారుతోంది."

"అవునండీ. ఈ వరుసకు సరైన నమూనా ఇదే."

వాళ్ల వెంట వచ్చిన మీ డైరెక్టరుగారు ముఖం తుడుచుకుంటూ, "టార్పాలిన్ ఏమైందమ్మా?" అని అడిగారు.

"మడిచి అటక మీద పెట్టానండీ. ప్రభుత్వ ఆస్తి కదా, తడిసిపోతుందని."

నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. అధ్యక్షులవారు లేచి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నారు. అక్కడా కారుతోంది. మళ్లీ జరుపుకున్నారు. చివరికి గుమ్మంలో నిలబడి, "పక్కింట్లో ఎవరుంటారు?" అన్నారు.

"ఒక దర్జీ కుటుంబం. రోగి ఒకాయన ఉండేవాడు, తనిఖీకి అడ్డమని పంపించేశాం."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"లేడండీ."

ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. గుమ్మం ముందు చెప్పులు వరుసగానే ఉన్నాయి.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరానికి జవాబుగా రాయదగ్గ వాక్యం నాకు తెలిసిన వాటిలో లేదు. కనుక జరిగినవి మాత్రం రాస్తాను.

నివేదికలో నేను "సంతృప్తికరం కాదు" అని రాశాను. డైరెక్టరుగారు పిలిచి తలుపు వేయించారు. "టార్పాలిన్ గాలికి ఎగిరిపోయిందని రాయవయ్యా. మీ అక్కగారికీ ఇబ్బంది ఉండదు, మనకూ ఉండదు" అన్నారు.

"గాలికి మడిచి అటక మీద పెట్టడం రాదండీ" అన్నాను.

ఇన్నేళ్లలో నేను ఎదురుచెప్పడం ఆయన చూడలేదు. నేనూ చూడలేదు.

నివేదిక అలాగే పైకి వెళ్లింది, ఫలితం వచ్చింది. నమూనా ఇల్లు కారడానికి కారణం టార్పాలిన్ లేకపోవడమని తేల్చారు. స్లాబు ప్రస్తావన లేదు. లోపం సరిచేయడానికి మరింత మందమైన కొత్త టార్పాలిన్ మంజూరైంది, నమూనా ఇంటికి మాత్రమే. దీనితో సమస్య పరిష్కృతమైనది. మిగిలిన నిధి మా సమావేశ మందిరానికి వెళ్లింది.

నన్ను గోదాముకు మార్చారు. ఇక్కడ ఉత్తరాలు రాసే పని లేదు, సరుకు విడుదల చేయడమే. మీ ఇంటికి వచ్చే టార్పాలిన్ నేనే సంతకం చేసి పంపాను. ఏ కొలతదో ఉత్తర్వులో రాయడం మరిచారు. అందువల్ల గోదాములో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది పంపాను.

చీటీ విషయం ఒకటి నీకు చెప్పవలసి ఉంది. వచ్చినప్పుడు చెబుతాను. సెలవు దొరికింది.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

టార్పాలిన్ అందింది. వరుస పొడుగునా పరిచి చూశాం. పెద్దదే, అయినా స్లాబంతటికీ చాలలేదు. దర్జీ వదిన కొలత టేపు మెళ్లో వేసుకుని దాని మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. తర్వాత పెద్ద కత్తెర తెచ్చింది.

"ప్రభుత్వ ఆస్తి వదినా" అన్నాను.

"మంచం కొలతకు కోస్తా. ఇల్లంతా కప్పలేకపోయినా మనిషిని కప్పొచ్చుగా" అంది.

మంచానికో ముక్క. అంచులు మడిచి కుడుతుంటే మిషను సూదులు విరిగాయి, మీ బావ బజారుకు పోయి తెచ్చాడు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మంచాల మీద నాలుగు కర్రలకు నీలిగుడ్డ కట్టి ఉంది. ఇళ్లు కారుతున్నాయి, మనుషులు తడవడం లేదు. మా పాత టార్పాలిన్ కూడా అటక దింపి కోసేసింది. పర్యవేక్షక సంఘం ఇక ఎప్పుడైనా రావచ్చు. చూపించడానికి ప్రత్యేకంగా ఏ ఇల్లూ లేదు.

చీటీ సంగతి నువ్వు చెప్పనవసరం లేదు. చీటీలు వేయడానికి ముందురోజే మీ స్థానిక కార్యాలయం మనిషి కొలతలకు వచ్చి, "సెక్షన్‌ సారుగారి అక్కగారి ఇల్లు ఏది?" అని వాకిట్లో కూర్చున్న పెద్దాయన్నే అడిగాడట. చెయ్యెత్తి మా ఇల్లు చూపించింది ఆయనే. ముందుగదిలో ఉన్న రోజుల్లో నాకు చెప్పాడు. "పోనీలేమ్మా, తమ్ముడు తోబుట్టువుకు టికెట్టు తీశాడు, తప్పా?" అన్నాడు. ఇంకెవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

సెలవు పెట్టి వస్తానన్నావు, రా. మా ఇంట్లో మంచాలు రెండే, రెండూ మావే. దర్జీ వదినకు చెప్పాను. ఆమె మామగారి మంచానికి కూడా ఆ రోజే ఒక ముక్క కొలత తీసి, అంచు కుట్టి కట్టింది. నిన్ను దాని మీద పడుకోమంటోంది. పొడిగానే ఉంటుందని చెప్పమంది.

ఆశీస్సులతో,
నీ అక్క