దోసె పాట ఆగిన చోట

మోరిస్‌విల్, నార్త్ కరోలైనా
18 సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన వదినగారు శేషమ్మగారికి కృష్ణవేణి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమంగానూ, మీ అల్లుడి మీద కోపంగానూ ఉన్నారని తలుస్తాను. రెండూ న్యాయమే.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారు. ఫోన్ చేస్తే మీరు "సిగ్నల్ సరిగా లేదు వదినగారూ" అని పెట్టేస్తున్నారు. ఈమధ్య ఎవరు చేసినా అసలు ఎత్తడమే లేదు. కాగితానికి సిగ్నల్‌తో పని లేదు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఎమ్మెస్ చదువుకునే దేదీప్య వాళ్లక్క పెళ్లికి నరసరావుపేట వస్తోంది. ఆ అమ్మాయి సూట్‌కేసులో మీకు బాదంపప్పు, పప్పు కింద ఈ ఉత్తరం. పప్పు తరవాత తిందురుగాని, ముందు ఇది చదవండి.

మన నైనిక మాట్లాడింది.

ఇక కూర్చుని చదవండి. మూడేళ్లు నిండబోతున్నా వేలు పెట్టి చూపించడం, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం తప్ప వేరే భాష లేని మన మనవరాలు నోరు విప్పి మాట అంది. ఆ మాట ఏమిటో వెంటనే చెప్పను. చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన దాన్ని, కారణాలు చెప్పకుండా ఫలితం చెప్పడం నాకు చేతకాదు.

వీసా వాళ్లు ఇచ్చే ఆరేసి నెలలు వంతులు వేసుకుని మనమిద్దరం ఈ పిల్లను పెంచుతున్నాం. ఏప్రిల్‌లో మీరు విమానం ఎక్కారు, నేను దిగాను. దిగిన వారానికి మా తేజేశ్వర్ ఏదో వీడియో చూసి ఇంట్లో చట్టం చేశాడు. రెండు భాషలు వింటే పిల్ల కన్ఫ్యూజ్ అవుతుందట, ఇక ఇంట్లో అంతా ఇంగ్లిషేనట. భవిత ఆ సంగతి ఫోన్‌లో మీ చెవిన వేసింది. "ఇంగ్లిష్ రాని దాన్ని, నేనొచ్చి పిల్ల నోరు పాడుచేయడమెందుకమ్మా" అని మీరు అక్టోబర్ టికెట్ వద్దన్నారు. ఆ మాట విన్నాక మీ అమ్మాయి వంటింట్లో ఎంతసేపు నిలబడిపోయిందో నేను చూశాను.

నేను మాత్రం ఇంగ్లిష్‌లో ఇడ్లీ తినిపించాను. "ఈట్, బేబీ, వన్ మోర్ బైట్" అంటుంటే నైనిక నన్ను బ్యాంకుకి బదిలీ మీద వచ్చిన కొత్త మేనేజర్ని చూసినట్టు చూసేది.

చెవుల పరీక్ష చేయించారు, వినికిడి చక్కగా ఉంది. అప్పుడు స్పీచ్ థెరపీకి తీసుకెళ్లాం. అక్కడి టీచరమ్మ ఉజ్వల, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. నా నెరిసిన తల చూసి కూడా "ఆంటీ" అంది, అక్కడే ఆమె మీద నాకు గురి కుదిరింది. మొదటి రోజే "పాప ఏ లాంగ్వేజ్‌లో ఎక్కువ నవ్వుతుంది?" అని అడిగింది. మావాడు గొంతు సవరించుకుని, తాము ఇంట్లో ఓన్లీ ఇంగ్లిష్ అని చెప్పుకున్నాడు. "అయ్యో, అలా ఎవరు చెప్పారు మీకు? రెండు లాంగ్వేజెస్ వల్ల డిలే రాదండి. మీకు ఏది ఈజీనో అదే మాట్లాడాలి. తెలుగు ఆపొద్దు" అంది ఉజ్వల. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో దారంతా వాడు పెదవి విప్పలేదు. థెరపీకి ఇంకో కేసు తగిలిందేమోనని భయపడ్డాను.

తప్పు ఎవరిదీ కాదట వదినగారూ. కొందరు పిల్లలకి మాట ఆలస్యమవుతుంది, దగ్గర కూర్చుని నేర్పాలి. అంతే.

తరవాత నా వంతు వచ్చింది. నైనిక నీళ్ల సీసా వైపు కళ్లు తిప్పిందో లేదో, నేను మూత తీసి నోటి దగ్గర పెట్టాను. "ఆంటీ, మీరు చాలా ఫాస్ట్. అడగకుండానే అన్నీ వచ్చేస్తుంటే తను ఎందుకు అడుగుతుంది?" అని ఉజ్వల నవ్వింది. ఈ విద్యలో మీరు నన్ను మించినవారు. పిల్ల కనుబొమ్మ కదిలితే మీ చేతిలో అరటిపండు తొక్క ఊడిపోయేది. పిల్ల నోరు తెరిచి అడిగేదాకా తెచ్చుకోవడం మన వైపు అమ్మమ్మలకీ నానమ్మలకీ తలవంపులు. ఇక్కడేమో అదే పాఠం.

పండు మూత బిగించిన గాజు డబ్బాలో పెట్టాలి. కంటికి కనబడాలి, చేతికి అందకూడదు. మనం ఆశగా మొహం పెట్టి, మాట్లాడకుండా ఆగాలి. గంటసేపు ఆగకుండా మాట్లాడటానికే జీతం తీసుకున్న దాన్ని, నన్ను ఆగమన్నారు. అలాగని ఏడిపించకూడదు. కాసేపు చూసి, ఆ మాట మనమే చెప్పి ఇచ్చేయాలి. అసలు నియమం ఒకటుంది, బాగా గుర్తుపెట్టుకోండి. పిల్ల సగం మాటతో అడిగినా సరే, అడిగింది ఆ క్షణంలోనే చేతికి రావాలి. లేకపోతే మాటల వల్ల పనులు జరగవని తేల్చేసుకుంటుంది.

వేసవంతా సబ్బునీటి బుడగలు ఊదాను, డబ్బాలు మూశాను, ఆగాను. నైనిక కూడా ఓపికగా నన్నే చూస్తూ ఆగింది. ఇద్దరిలో ఎవరికి థెరపీ జరుగుతోందో తెలిసేది కాదు.

కిందటి వారం ఉజ్వల "పాపకి బాగా ఇష్టమైన పాట ఏదైనా ఉందా? పాడుతూ లాస్ట్ వర్డ్ ముందు ఆపేయండి, తనేం చేస్తుందో చూద్దాం" అంది. భవిత తడుముకోకుండా "మా అమ్మ దోసె పాట" అంది. మీరు పెనం దగ్గర నిలబడి కట్టిన పాటే. నా గొంతు సంగతి మీకు తెలుసు. అయినా పాడాను. గాల్లో గరిటె తిప్పుతూ "పిండి పోసి, తిప్పి తిప్పి, నూనె వేస్తే..." అని ఆగాను. నైనిక నా నోటి వంక చూసింది, చేతి వంక చూసింది, పెదాలు ముందుకు చాచి "చుయ్" అంది.

భవిత కళ్లజోడు తీసి అద్దాలు తుడిచింది, తుడవాల్సింది కళ్లు. తేజేశ్వర్ "అది సౌండ్ కదా, వర్డ్ కాదేమో" అని నసిగాడు. "కరెక్ట్ ప్లేస్‌లో కావాలని అంది కదా, వర్డే!" అని ఉజ్వల తీర్పు చెప్పింది. ఆ తరవాత మావాడు పార్కింగ్‌లో నిలబడి ఆఫీస్‌కి ఫోన్ చేసి, మీటింగ్‌కి రాలేను, మా అమ్మాయి చుయ్ అంది అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. వాళ్ల మేనేజర్ ఏమని రాసుకున్నాడో.

ఇప్పుడు "ఇంకా", "పాలు", "వద్దు" కూడా వచ్చాయి. "వద్దు" మాత్రం పూర్తి అధికారంతో అంటుంది, నా పోలిక. ఇంగ్లిష్ చట్టం రద్దయింది. తేజేశ్వర్ మీకు ఫోన్ చేసి తప్పయిందని చెబుతాడు. దయచేసి ఎత్తండి. కాసేపు బెట్టు చేసినా నేనేమీ అనుకోను.

వచ్చే నెలతో నా ఆరు నెలలు అయిపోతాయి. ఆ టికెట్ మళ్లీ బుక్ చేయిస్తాం, మీరు రావాలి. మీ పాట నాకు మొదటి చరణమే వచ్చు. రెండో దాంట్లో చట్నీ ఏదో ఉందని కల్పించి పాడితే పిల్ల "వద్దు" అంది. ఇంగ్లిష్ రాకపోవడం ఈ ఉద్యోగానికి అడ్డు కాదు. అరటిపండు వలవకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం. అది మీకు నేర్పి గానీ విమానం ఎక్కను.

ఇట్లు,
నోరు మూసుకోవడం ఆలస్యంగా నేర్చుకున్న మీ వదిన,
కృష్ణవేణి

తా.క.: లోపల రాయవలసింది ఇక్కడ రాస్తున్నాను, కారణం అసూయ. మొన్న ఆదివారం పొద్దున, ఇదివరకు మీరు వీడియోలో కనబడే వేళకి, నైనిక ఫ్రిజ్ దగ్గర నిలబడి దాని మీదున్న ఫోన్ కోసం చేతులు చాచింది. నేను ఫోన్ తీసి పట్టుకుని, నియమం ప్రకారం ఆగాను. "ఇవ్వు" అంటుందనుకున్నాను. అది నల్లటి తెర మీద చెయ్యి పెట్టి "అమ్మమ్మా, రా" అంది. రెండు మాటలు కలపడానికి ఇంకా చాలా టైమ్ పడుతుందని ఉజ్వల చెప్పి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బుడగలు ఊదింది నేను, డబ్బాలు మూసింది నేను, "నానమ్మ" ఇంకా రానే లేదు. వెంటనే మీకు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. అడిగింది ఆ క్షణంలోనే చేతికివ్వాలని పైన రాశాను కదా. పిల్ల అడిగింది. ఇవ్వడం నా చేతిలో లేదు, వదినగారూ.