సీమావు ముందు నవల

జూన్ 2, సోమవారం
నిర్ణయించుకున్నాను! నవల రాస్తాను. రోజుకొక పేజీ.

పెద్ద రచయితల గురించి, వాళ్ల టైపు మిషన్ల గురించి నిన్న ఫోన్‌లో చదివాను. ఒకాయన నిలబడే టైపు కొట్టేవాడట. ఇంకొకాయన కాగితం మార్చే పని లేకుండా పొడవాటి కాగితపు చుట్ట ఎక్కించేవాడట. ఇన్నాళ్లూ నా నవల ఎందుకు కదల్లేదో ఇప్పుడు తెలిసింది. మిషన్ లేదు!

మా ఆయన కేశవ నంగలి దగ్గర రాష్ట్రం సరిహద్దు దాటి పలమనేరు పోయి, మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి తెలుగు మిషన్ తెచ్చాడు. దించుతూ అన్నాడు: "ప్రేమా, ఇది రాసేదా, రాగులు విసిరేదా? నడుము పట్టేసింది."

జూన్ 3
ఉదయం: నిలబడి రాశాను. "సుగుణ రైలు దిగింది." అద్భుతం!
మధ్యాహ్నం: పాదాలు వాచాయి.
'ళ' మీట పడడం లేదు. సుగుణకు కళ్లు లేవు, కాళ్లు లేవు. రైలెలా దిగిందో!

జూన్ 5
ఇంట్లో కుదరదు. అత్త విశాలమ్మకు కోపం. "ఆ టకటక ఆపమ్మా! పట్టుపురుగులు మేత ముట్టేదే లేదు."

పొర విడిచేటప్పుడు పురుగులు ఎలాగూ మేయవు. అయినా నింద నా మిషన్ మీద!

మిషన్‌ను పశువుల కొట్టంలోకి మార్చాను. గొప్పవాళ్లకు ఏకాంతం కావాలి. అక్కడున్న మా సీమావు లెక్కలోకి రాదు.

జూన్ 6
వింత! నేను టైపు కొడుతుంటే అత్త పాలు పిండింది. రోజూ తన్నే సీమావు కదల్లేదు. బకెట్ పొంగింది!

డెయిరీలో పాలు కొలిచే గోవిందప్ప, "ఏం మేత పెట్టినావమ్మా?" అని అడిగాడట. "మా కోడలు రాస్తా ఉండాదప్పా" అందట అత్త.

మొదటి వారంలోనే ఇంత గుర్తింపు ఎవరికి వచ్చింది?

జూన్ 9
ఇకనుంచి పాలు పిండే వేళల్లోనే రాయాలట. ఆలోచించడానికి ఆగితే ఆవు తన్నుతుంది. అందుకని ఆగకుండా, పైకి చదువుకుంటూ కొడుతున్నాను. సుగుణ రైలు ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కుతుంది. రైల్లో ఒకడు కలుస్తాడు, వాడి కోసం ఏడుస్తుంది.

కాగితం మార్చడానికీ సమయం లేదు. కేశవ అంగళ్లలో వాడే బిల్లు చుట్ట తెచ్చాడు. అచ్చం ఆ గొప్పాయనలాగే!

జూన్ 12
రాయలేదు. తప్పు నాది కాదు. పక్కింటి పిల్లమ్మ తన గేదె గోడుతో వచ్చింది.

"మా ఎనుము చేపేదే లేదు. రెండు లైన్లు కొట్టిపో తల్లీ."

"అక్కా, ఇది నవల."

"నవలైతే ఏమి? ఎనుముకు తెలుస్తాదా?"

మిషన్ మోసుకుని పోయి కొట్టాను. ఎనుము చేపింది, పాలు ధారగా వచ్చాయి. కొట్టినదాంట్లో ఒక్క ముక్క సాహిత్యం లేదు.

జూన్ 15
సీమావు నవల తినేసింది.

మొత్తం. చుట్ట చివర నోట్లోంచి లాగితే ఒక్క మాట చేతికొచ్చింది: "మరియు".

ఏడుస్తూ కూర్చున్నాను. "అరగతాదిలే, ఏం కాదు" అన్నాడు కేశవ. ఆవు గురించి!

మిషన్ మీద గోనెసంచి కప్పేశాను. ఇక రాయను. నిలబడీ రాయను, కూర్చునీ రాయను.

జూన్ 18
మూడు రోజులుగా ఆవు పాలివ్వడం లేదు. ఇవాళ అత్త తానే మిషన్ ముందు కూర్చుని ఒక వేలితో కొట్టింది. కేశవ పిండబోయాడు. ఆవు వెనక్కి తిరిగి చూసి, అతణ్ని గోడకు నెట్టింది.

సాయంత్రం అత్త నా పక్కన చేరింది.

"ఇంగ ఆ సుగుణ యాడికి పోయింది?"

"ఆవు కడుపులో ఉండాది అత్తా."

"ఆవు తింటే ఏమి? నాకంతా గ్యాపకం ఉండాది."

మొదటి వాక్యం నుంచి చెప్పుకుపోయింది. అక్షరం రాని మనిషి! పాలు పిండుతూ అంతా వినేసింది. ఒక్క మాట తగ్గలేదు. పైగా పెరిగాయి. నా సుగుణ రైల్లో కలిసినవాడి కోసం ఏడుస్తూ ఉంటుంది కదా, అత్త సుగుణ ఏడవలేదు.

"ఆ సోంబేరిని మాలూరు స్టేషన్‌లో దింపేసినాను. తప్పా?"

ఆలోచించాను. తప్పు కాదు. నాకన్నా బాగుంది. కడుపు మండింది.

జూన్ 19
నిర్ణయించుకున్నాను! నవల మళ్లీ మొదటి నుంచి. రోజుకొక పేజీ. అత్త పిండుతూ చెబుతుంది, నేను కొడతాను.

ఉదయం: గోనెసంచి తీశాను. ఆవు చెవులు రిక్కించింది.

"రాయి," అంది అత్త. "సుగుణకు ఒక అత్త ఉండాది. చానా మంచిది."

"అత్తా, సుగుణకు ఇంకా పెండ్లే కాలేదు."

"కాకుంటే ఏమి? ముందు అత్తను రాయి. మొగుడు నిదానంగా వస్తాడు."

రాశాను.