తిప్పి పంపిన సిలంబం సర్టిఫికెట్

సుగన్యా, కాలేజీ నుంచి రాగానే ముద్ద తిను. పులుసు పొయ్యి పక్కనే ఉంది.

నీ సిలంబం సర్టిఫికెట్, అదే ఆ కర్రసాముది, సోమవారమే పోస్టులో వచ్చింది. అది లేకుంటే జర్మనీ చదువుకు అప్లికేషన్ పెట్టలేనంటివి కదా, అందుకే "ఆ పిల్ల ఈ ఇంట్లో లేదు" అని తిప్పి పంపేసినాను. మూడు రోజులుగా కంటికి కునుకు లేదు. దాన్ని అడిగేదానికే పోస్టాఫీసుకు పోతున్నాను. ఇంకా అక్కడే ఉంటే చాలు. నా చేతికి ఇస్తారో లేదో. నేను ఇంకా రాకుంటే కాలేజీ కార్డు తీసుకుని అక్కడికే రా.

తిట్టాలంటే తిట్టు, తినేసి తిట్టు. మీ తాతా, మీ అమ్మా ఒక మాట చెప్పకుండానే పోయినారు. నువ్వు పోయే తేదీ నాకు ముందే చెప్పు.

అవ్వ

నీ సిలంబం కట్టెకు నూనె రాసి పెట్టినాను. విమానంలో దాన్ని ఎక్కనిస్తారా? కనుక్కో.